డ్రమ్ముల సౌండ్‌లో సగం గదిదే

నిర్వాణా బ్యాండ్ 1991లో నెవర్‌మైండ్ అనే ఆల్బమ్ చేసింది, 1993లో ఇన్ యుటెరో చేసింది. పాడింది అదే కర్ట్ కొబేన్, డ్రమ్స్ అదే డేవ్ గ్రోల్, రెండేళ్ళలో మనుషుల చేతులేం మారిపోవు కదా, కానీ రెండూ పక్కపక్కన పెట్టి వింటే వేరే బ్యాండేమో అనిపిస్తుంది. మారింది రికార్డ్ చేసిన మనిషి. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే సినిమాల్లోలాగా డబ్బులు పెట్టేవాడు కాదండీ, ఏ గదిలో వాయించాలి, మైకు ఎక్కడ పెట్టాలి, ఏ టేక్ ఉంచాలి అని తేల్చేవాడు.

నెవర్‌మైండ్‌కి బుచ్ విగ్. ఆయన కొబేన్ చేత ఒకే లైను రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. కొబేన్‌కి అది మోసంలా అనిపించి ఒప్పుకోకపోతే, బీటిల్స్ బ్యాండ్‌లోని జాన్ లెనన్ కూడా ఇలాగే చేశాడు అని చెప్పి ఒప్పించాడు. ఏ మనిషీ ఒకే లైన్ని రెండుసార్లు అచ్చం ఒకేలా పాడలేడు, శ్రుతి వెంట్రుకవాసి తేడా, టైమింగ్ కొన్ని మిల్లీసెకన్లు తేడా, ఆ తేడాల వల్లే చెవికి గొంతు దళసరిగా వినిపిస్తుంది. ఇన్ యుటెరోకి స్టీవ్ అల్బినీ. ఆయన్ని ప్రొడ్యూసర్ అంటేనే ఒప్పుకునేవాడు కాదు, నేను రికార్డ్ చేసేవాణ్ణి అంతే అనేవాడు. డ్రమ్ముల చుట్టూ, దూరంగా గదిలో కూడా బోలెడు మైకులు పెట్టి గది మోతని కూడా పట్టుకున్నాడు. తర్వాత అందులో రెండు పాటల్ని స్కాట్ లిట్ మళ్ళీ మిక్స్ చేశాడనుకోండి, అది వేరే కథ. నాకైతే అల్బినీ డ్రమ్సే ఇష్టం, ఎదురుగా కూర్చుని వింటున్నట్టే ఉంటాయి.

అసలు దూరంగా మైకు పెడితే ఏమవుద్ది? శబ్దం ఒక మిల్లీసెకన్‌లో దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. డ్రమ్ముకి ఆనించినట్టు పెట్టిన మైకుకి దెబ్బ వెంటనే అందుతుంది, 3 మీటర్ల దూరంలో మైకుకి 9 మిల్లీసెకన్లు లేటు, ఆ వెనకే గోడలకీ సీలింగుకీ కొట్టుకుని తిరిగొచ్చిన శబ్దాలు వరసగా వస్తాయి. నేరుగా వచ్చిందెంత, తిరిగొచ్చిందెంత అని మన మెదడు తెలీకుండానే లెక్కేసుకుని, డ్రమ్ము దగ్గరుందో దూరముందో, గది చిన్నదో పెద్దదో పసిగట్టేస్తుంది. మన విజయనగరం, శ్రీకాకుళం ఊళ్ళల్లో తప్పెటగుళ్ళు ఆరుబయట విన్నవాళ్ళకి ఇది అనుభవమే, రేకు గుండు మీద చెయ్యి పడితే దెబ్బ ఠప్పని వచ్చి అక్కడితో సరి, అదే బృందం టైల్స్ వేసిన కళ్యాణమండపంలో వాయిస్తే ఒక దెబ్బ ఇంకో దెబ్బలో కలిసిపోయి అంతా మోతే.

ఈ మోతని లెక్కలోకి తెచ్చింది వాలెస్ సబీన్. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో ఎవరేం చెప్తున్నారో అర్థం కావట్లేదంటే, ఆయన వేరే థియేటర్ నుంచి సీటు కుషన్లు మోయించి, కొన్ని కొన్ని పరుస్తూ శబ్దం ఎంతసేపట్లో ఆగుతుందో కొలిచాడు. ఖాళీ హాల్లో ఐదున్నర సెకన్ల దాకా మోగేదట! గది ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువసేపు, మెత్తటి సామాను ఎంత ఉంటే అంత తక్కువ, తేల్చింది ఇదే.

ఇప్పుడు లెడ్ జెప్లిన్ అనే బ్యాండ్ వాళ్ళ 1971 ఆల్బమ్‌లో చివరి పాట సంగతి చూడండి. జాన్ బోనమ్ డ్రమ్స్‌ని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్లున్న హాల్లో కింద పెట్టి, ఇంజనీరు ఆండీ జాన్స్ పైఅంతస్తు నుంచి రెండే రెండు మైకులు వేలాడదీశాడు, తర్వాత కంప్రెసర్‌లోంచి పంపాడు. కంప్రెసర్ చేసేది పెద్ద శబ్దాన్ని నొక్కడం, అప్పుడు మొత్తం వాల్యూమ్ పెంచితే చిన్న శబ్దాలు, అంటే ఆ హాలు మోత, పైకి లేస్తాయి. అందుకే అక్కడ మెట్ల హాలు కూడా వాయిస్తున్నట్టుంటుంది. 1980లో పీటర్ గాబ్రియల్ అనే గాయకుడి మూడో ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ స్టీవ్ లిల్లీవైట్, ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్ దీన్ని తిరగేశారు, మోతని బాగా పెంచి, సగంలో గేట్ (శబ్దం ఒక స్థాయికి తగ్గగానే పూర్తిగా మూసేసే పరికరం) వేసి టక్కున తెంపేశారు. ప్రకృతిలో ఏ గదీ అలా మోగదు. గాబ్రియల్ సింబల్స్, అంటే డ్రమ్స్ పక్కనుండే లోహపు పళ్ళేలు, వద్దన్నాడు కూడా, దాంతో పైస్థాయి ఫ్రీక్వెన్సీల్లో చోటు ఖాళీ అయ్యి ఆ మోత నిండుగా వినిపించింది. ఎనభైల పాటల్లో ఆ డ్రమ్ము సౌండ్ ఎక్కడ చూసినా అదే.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన మ్యూజిక్ కాలేజీ ఉన్న ఊరు మన విజయనగరం, ఇప్పుడు ఇక్కడి కుర్రాళ్ళు శ్లాబ్ ఇంట్లో పదడుగుల గదిలో బ్యాండ్ ప్రాక్టీస్ పెట్టుకుని "ఏటన్నా, బేస్ ఒక్క నోట్ దగ్గరే ఊగిపోతంది" అంటారు. గిటార్ తప్పు కాదు తమ్ముడూ. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం ముందుకీ వెనక్కీ కొట్టుకుని నిలబడిపోతుంది, బేస్ గిటార్‌లో 'A' అనే స్ట్రింగ్‌ని వేలితో నొక్కకుండా ఖాళీగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. రెండూ కలిసిపోయి బుమ్మంటాయి. గోడకి ఒక పల్చటి దుప్పటి కట్టినా ఇది తగ్గదు, దుప్పటి పైస్థాయి శబ్దాలనే తింటుంది, అంత పొడుగు అలకి అది అడ్డే కాదు. ఆంప్‌ని, అంటే గిటార్ స్పీకర్ పెట్టెని, గోడ దగ్గర్నుంచి జరపండి, మైకుని గదిలో అటూ ఇటూ తిప్పి ఊపు తక్కువున్న చోట పెట్టండి, అది గోడల దగ్గర కన్నా గది మధ్యలోకే ఉంటుంది. డ్రమ్స్‌కైతే ఒక ఫోన్‌ని తలుపు బయట వసారాలో పెట్టి విడిగా రికార్డ్ చెయ్యండి, మొదట్లో ఒక చప్పట కొడితే తర్వాత రెండు ట్రాకులూ కలపడానికి గుర్తుంటుంది. దగ్గర మైకు ట్రాక్ కింద దీన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ వినండి, ఎక్కడ ఆపాలో మీ పాటని బట్టి మీకే తెలుస్తుంది.