పేగుల్లో పుట్టే హార్మోను, షుగరు రోగి మెదడు

షుగరు కళ్లను, కిడ్నీలను, పాదాలను దెబ్బతీస్తుందని అందరికీ తెలుసు. మెదడు సంగతి మాత్రం అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. టైప్-2 మధుమేహం ఉన్నవారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పు మిగతావారికంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో వెల్లడించింది. ఆ లెక్కన ఇది ఎన్ని ఇళ్ల సమస్యో ఊహించుకోవచ్చు.

మనం తిన్న అన్నం పేగుల్లోకి దిగగానే అక్కడి ఎల్-కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనును వదులుతాయి. అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, కడుపు నిండిందనిపిస్తుంది. రక్తంలో అది సుమారు రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని తుంచేస్తుంది. అంచేత మెదడుకు కబురు ఎక్కువగా పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడి మీదుగానే వెళ్తుంది. అదీగాక మెదడు కాండంలోని కొన్ని నాడీకణాలు ఇదే హార్మోనును సొంతంగా తయారుచేసుకుంటాయి. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోకాంపస్‌లోనూ దీన్ని అందుకునే గ్రాహకాలున్నాయి. ఆ గ్రాహకాలు లేని ఎలుకలు కొత్త విషయాలు నేర్వడంలో వెనకబడ్డాయి.

ఈ హార్మోనులాగే పనిచేస్తూ, డీపీపీ-4 ఎంజైముకు అంత తేలిగ్గా లొంగని పదార్థం అమెరికా ఎడారుల్లోని గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికింది. దాని ఆధారంగా చేసిన ఎక్సెనటైడ్ 2005లో షుగరు మందుగా వచ్చింది. ఆ తర్వాత వచ్చినవే లిరాగ్లూటైడ్, డులాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్.

డులాగ్లూటైడ్ వాడిన షుగరు రోగుల్లో ఆలోచనాశక్తి తగ్గే ముప్పు 14 శాతం తక్కువగా ఉందని 2020లో ఒక విశ్లేషణ చెప్పింది. దాంతో ఆశలు పెరిగాయి. కానీ డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ తొలిదశలో ఉన్న 3,800 మందికి పైగా రోగులతో జరిపిన రెండు ప్రయోగాల్లో సెమాగ్లూటైడ్ మాత్రలు వ్యాధి ముదరడాన్ని నెమ్మదింపజేయలేకపోయాయని 2025 నవంబరులో తేలింది. వ్యాధి సూచికలు కొన్ని మెరుగైనా రోగుల మతిమరుపులో తేడా రాలేదు.

ఈ రెండు ఫలితాలూ పరస్పర విరుద్ధాలని నేననుకోను. షుగరు రోగుల డిమెన్షియాలో సన్నటి రక్తనాళాలు దెబ్బతినడం, ఇన్సులిన్ మాట కణాలు వినకపోవడం పెద్ద కారణాలు. అవి ఏళ్ల తరబడి సాగే నష్టాలు. మందు ఏమైనా చేయగలిగితే అది ఆ ఏళ్లలోనే. అప్పటికే మొదలైన అల్జీమర్స్ మీద దాని శక్తిని కొలవడం వేరే ప్రశ్న. జ్ఞాపకశక్తి కోసమని ఈ మందులు వాడడానికి మాత్రం ప్రస్తుతానికి ఆధారం లేదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చేయదగ్గది. షుగరు మరీ పడిపోయినా మెదడుకు చేటే. ఇన్సులిన్ గానీ, గ్లైమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, వయసు మీదపడిందని సరిపెట్టుకోకుండా వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి.