ఒకే రోడ్డు మీద రెండు విత్తనాల బ్యాంకులు

హైదరాబాద్ నుంచి ముంబై హైవే పట్టుకుని పోతే ముందు పటాన్‌చెరుల ఇక్రిసాట్ అనే మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ వస్తది, అక్కడి జీన్ బ్యాంక్‌ల లక్షకు పైగా విత్తనాల నమూనాలు చల్లటి గదుల్ల భద్రంగున్నయ్. ఇంకా ముందుకు పోతే జహీరాబాద్, అక్కడి ఊర్లల్ల విత్తనాల బ్యాంక్ అంటే పేడతో అలికిన గంప, లోపల బూడిద, వేపాకు కలిపిన జొన్నలు, కొర్రలు, సామలు.

ఈ గంపలు దళిత ఆడవాళ్ళయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి సంఘాలు కట్టుకుని 1980ల నుంచి వాళ్ళు చేస్తున్న పనిని నేను రీసెర్చ్ అనే అంటా, ఎందుకంటే ప్రశ్న వాళ్ళదే, చేను వాళ్ళదే, లెక్క తప్పితే పస్తులుండేది కూడా వాళ్ళే. బయటి నుంచి వచ్చేటోళ్ళు ఎకరాకు ఎన్ని క్వింటాళ్ళు అని అడుగుతరు, వీళ్ళకేమో వాన ఎగ్గొడితే ఏం మిగుల్తది అనేది ముఖ్యం.

అందుకే ఒకే చేన్ల జొన్న, కంది, పెసర, నువ్వులు, అనుములు, పుంటికూర అన్నీ కలిపేస్తరు. జొన్న ఆకు మీద మైనం పొర ఉంటది, నీళ్ళు తక్కువైతే ఆకు చుట్టుకుని ఎదుగుడు ఆపేస్తది, వాన పడంగనే మళ్ళ లేస్తది, పైగా అది సి4 మొక్క, అంటే కార్బన్ డయాక్సైడ్‌ని ఆకు లోపలే పోగేసుకుంటది కాబట్టి ఆకు రంధ్రాలు ఎక్కువ తెరవనక్కర్లేదు, వరితో పోలిస్తే నీళ్ళు తక్కువ ఖర్చయితయ్. కంది వేరు లోతుకు దిగి అడుగు తడి తాగుతది, వేరు బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా గాలిల నైట్రోజన్‌ని పట్టుకుంటది. పెసరేమో అన్నిటికంటే ముందే చేతికొస్తది.

నాకు మరీ ఇష్టమైనవి సత్యం పంటలు. వానలు వెనక్కి పోయినంక నల్లరేగడిల వేసే శనగ, కుసుమ, అవిశె లాంటివి, బోరు లేకుండనే పండుతయ్. రేగడిల బంకమట్టి నీళ్ళని నెలల తరబడి పట్టుకుని ఉంటది, రాత్రి మంచు కూడా తోడైతది.

2008ల సొంత సంఘం రేడియో పెట్టుకున్నరు, 2019ల ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌డీపీ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అయినా ఇంకా వీళ్ళని లబ్ధిదారులు అని రాసేటోళ్ళుంటే నాకు నిజంగా కోపమొస్తది.

ఎందుకంటే చల్లటి గదిల పెట్టిన విత్తనం పెట్టిన ఏడాది దగ్గరే ఆగుతది. అది కూడా కావాలె, కాదనను. కానీ గంపల విత్తనం ఏటా చేన్లకు పోతది, ఆ ఏడు ఎండ తింటది, అయినా గింజ నిండిన కంకిని రైతు ఆడామె కోతకు ముందే ఏరి పక్కన పెడ్తది, వచ్చే ఏడు మళ్ళ అదే విత్తుతది.