పగిలింది ప్లాస్టిక్ తప్పు వల్ల కాదు: వ్యోమనౌకల కిట్లపై కొన్ని అపోహలు, వాస్తవాలు

సైన్స్ ఫిక్షన్ వ్యోమనౌకల ప్లాస్టిక్ కిట్లను (విడి ముక్కలుగా వచ్చే నమూనాలను) అడిగినవారికి కట్టి, రంగులు వేసి ఇవ్వడం, విరిగి వచ్చినవాటిని బాగుచేయడం నా పని. బాగుచేత కోసం వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, నేనేమీ చేయలేదు, దానంతట అదే పగిలింది." ఆ మధ్య ఒక తల్లి ఫోన్ చేసి, పుట్టినరోజుకు కొనిచ్చిన స్టార్ వార్స్ నౌక ఎక్స్-వింగ్ రెక్క తెల్లవారేసరికి ఊడి పడి ఉందని, పిల్లవాడు సరిగా అన్నం కూడా తినడం లేదని, దుకాణంవారు నకిలీ సరుకు అంటగట్టారేమోనని వాపోయారు. ఫోటోలు పంపమన్నాను. సరుకు అసలుదే. ప్యానెల్ లైన్లకు (నౌక ఒంటి మీది పలకల మధ్య సన్నని గాడులకు) ఎనామిల్ వాష్ (థిన్నర్ కలిపి బాగా పలుచన చేసిన ఎనామిల్ రంగు) ఏమైనా వేశాడా అమ్మా అని అడిగితే, "అవునండీ, నిన్న సాయంత్రమే వేశాడు, ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాడు" అన్నారు. ఆ ఒక్క జవాబుతో కారణం తేలిపోయింది.

అపోహ: ఎనామిల్ వాష్ ప్లాస్టిక్‌ను కరిగించదు కాబట్టి రంగు వేయని కిట్ మీద కూడా నేరుగా పూయవచ్చు.

ఈ అభిరుచిలో జనానికి అన్నిటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ కన్నీళ్ళు ఖర్చు పెట్టించేది ఇదే. వ్యోమనౌకలు కట్టేవారికే ఇది ఎక్కువగా తగలడానికి కారణం ఉంది. బండాయ్ సంస్థ 2014 నుంచి విడుదల చేస్తున్న స్టార్ వార్స్ కిట్ల వంటివి ఏ భాగానికి ఆ రంగు ప్లాస్టిక్‌తోనే పోతపోసి వస్తాయి. జిగురు అక్కరలేదు, పిన్నును గూట్లో పెట్టి నొక్కితే బిగుసుకుంటుంది. కట్టడం పూర్తయ్యేసరికే నౌక ముప్పాతిక వంతు సినిమాలో ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, రంగుల జోలికి పోకుండా ప్యానెల్ లైన్లలో కాస్త నలుపు దింపితే చాలుననిపిస్తుంది. తెల్లని ఒంటి మీద నల్లగీతలు ప్రాణం పోసినట్టే ఉంటాయి, కాదనను. అయితే రంగు పొర లేకపోవడం, నొక్కి బిగించిన పిన్నులు, వాష్‌లో రంగును పలుచన చేసే ఎనామిల్ థిన్నర్ అనే మూడూ ఒక్కచోట చేరేది సరిగ్గా అప్పుడే.

ఈ కిట్లను పోతపోసే ప్లాస్టిక్ పేరు పాలీస్టైరీన్. అంటే పొడవాటి అణువుల గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్న పదార్థం. లాకర్ అనే ఘాటైన రకం రంగులకు వాడే లాకర్ థిన్నర్ ఆ గొలుసులను పూర్తిగా విడదీసి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కాబట్టి దాని నష్టం వెంటనే కంటికి కనిపిస్తుంది, మనిషి జాగ్రత్తపడతాడు. ఎనామిల్ థిన్నర్‌లో ప్రధానంగా ఉండే మినరల్ స్పిరిట్ వంటి ద్రావకాలు అలా కరిగించవు. పైన నిగనిగ కూడా పోదు. కానీ అవి గొలుసుల మధ్యకు దూరి వాటి పట్టును సడలిస్తాయి. లాగుడు లేనిచోట దానివల్ల ఏమీ జరగదు, థిన్నర్ ఆవిరైపోతుంది, కథ ముగుస్తుంది. లాగుడు ఉన్నచోట మాత్రం సడలిన పట్టు తెగి వెంట్రుకవాసి చీలిక పుడుతుంది, థిన్నర్ ఆ చీలిక కొస దాకా పాకి దానిని మరికాస్త ముందుకు నడిపిస్తుంది. బిగుతైన పిన్ను చుట్టూ ఉన్న గూటి గోడ ఇరవైనాలుగు గంటలూ బయటికి లాగబడుతూనే ఉంటుంది. అందుకే నా దగ్గరకు వచ్చే కిట్లలో పగులు దాదాపు ఎప్పుడూ పిన్ను గూటి అంచు దగ్గర పుట్టి, ప్యానెల్ లైన్ లోతుగా ఉన్న దారి వెంట పోయి ఉంటుంది. తెరిచి చూస్తే పగులు లోపలి గోడలు కూడా నల్లగా ఉంటాయి, అంటే వాష్ అక్కడిదాకా వెళ్ళిందన్నమాట. ప్లాస్టిక్ పరిశ్రమలో ఎన్విరాన్‌మెంటల్ స్ట్రెస్ క్రాకింగ్ అనే పేరుతో ఎప్పటినుంచో తెలిసిన సంగతే ఇది. ఇందులో నకిలీ సరుకు ప్రసక్తి గానీ, దిష్టి ప్రసక్తి గానీ లేదు.

నా మాట నమ్మనివారికి నేను చూపించే పరీక్ష ఒకటి ఉంది. కిట్‌లో మిగిలిన రన్నర్ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ఒకే మందం ఉన్న రెండు ముక్కలు కత్తిరించండి. ఒకదానిని మెల్లగా విల్లులా వంచి, రెండు కొసలనూ దారంతో కట్టేయండి. రెండవదానిని తిన్నగా బల్ల మీద పెట్టండి. రెండింటి మధ్యభాగంలోనూ ఎనామిల్ థిన్నర్ చుక్క వేసి, అది ఆరిపోకుండా మరో రెండు చుక్కలు అందిస్తూ ఉండండి. కాసేపటికి వంచిన ముక్క మీద అడ్డంగా తెల్లని సన్నగీతలు తేలతాయి, ఆ తరువాత టక్కున విరుగుతుంది. తిన్నటి ముక్కకు ఏమీ కాదు. వారాంతపు తరగతుల్లో ఈ చప్పుడు విన్నవారు ఎవరూ ఆ పై వారం వాష్‌ను కుంచె నిండా ముంచి పూయగా నేను చూడలేదు.

దీని అర్థం ఎనామిల్ వాష్ మానేయమని కాదు. నేను రోజూ వాడతాను. ముందుగా కట్టేటప్పుడే పిన్నుల కొసలను ఏటవాలుగా కత్తిరించండి, లేదా గూటిని డ్రిల్ బిట్‌తో కొద్దిగా వదులు చేసి, బిగుతుకు బదులు జిగురును నమ్ముకోండి. తరువాత లాకర్ రకపు నిగనిగలాడే పారదర్శక పూత అయిన గ్లోస్ క్లియర్‌ను పలుచని పొరలుగా చల్లి, ఒక రాత్రంతా ఆరనివ్వండి. ఆ పొర ప్లాస్టిక్‌కూ వాష్‌కూ మధ్య అడ్డుగోడ, దాని వల్ల వాష్ నున్నగా పారుతుంది కూడా. వీలైతే భాగాలను బిగించక ముందే, విడివిడిగా ఉండగానే వాష్ వేయండి. సన్నకుంచె కొసతో లైన్ మీద ఒక్కచోట ముట్టిస్తే వాష్ తనంతట తాను లైన్ వెంట పాకుతుంది, భాగం మొత్తం తడపవలసిన అవసరం ఏనాడూ లేదు. తుడిచేటప్పుడు దూది పుల్లను థిన్నర్‌లో ముంచి, కాగితం మీద ఒత్తి, దాదాపు పొడిగా ఉన్నప్పుడే వాడండి. కీళ్ళ దగ్గర, తుపాకీ గొట్టాల మొదళ్ళ దగ్గర, ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ భాగాల మీద నీటి ఆధారిత వాష్ తప్ప మరొకటి వద్దు. క్లియర్ చల్లే వసతి లేనివారు నౌక మొత్తానికి నీటి ఆధారిత వాష్‌నే వాడుకోవచ్చు. రంగు కాస్త అంచుల్లో పేరుకుంటుంది, రెండవసారి తుడవాల్సి వస్తుంది, అంతే.

ఇప్పటికే పగిలినవారు కంగారుపడకండి, కొత్త కిట్‌కు ఆర్డర్ పెట్టకండి. విదేశం నుంచి తెప్పించిన కిట్‌కు కొరియర్, కస్టమ్స్ కలుపుకుని మళ్ళీ అంత డబ్బు పోసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే పగిలిన భాగంలో తొంభై పాళ్ళు బాగుపడతాయి. మొదట చేయవలసింది ఏమీ చేయకపోవడం. లోపల మిగిలిన థిన్నర్ ఆవిరయ్యేదాకా రెండు రోజులు గాలి తగిలేలా వదిలేయండి. తరువాత పగులు అంచులను దగ్గరకు నొక్కిపట్టి, ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్‌ను (నీళ్ళలా పలుచని ప్లాస్టిక్ జిగురును) కుంచెతో పగులుకు ముట్టించండి. అది లోపలికి పాకి రెండు అంచులనూ కరిగించి అతికిస్తుంది. ఒకరోజు ఆగి 400, 600, 1000 నంబర్ల నీటి సానకాగితాలతో వరుసగా సానపట్టండి. పిన్ను పూర్తిగా విరిగి ఉంటే రెండువైపులా డ్రిల్ చేసి ఇత్తడి తీగ ముక్క పెట్టండి, అది అసలు పిన్ను కంటే గట్టిగా ఉంటుంది. ఆ పిల్లవాడి ఎక్స్-వింగ్ రెక్క ఇలాగే నిలబడింది. అతుకు ఎక్కడుందో ఇప్పుడు వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

అపోహ: థిన్నర్ ఏదైనా థిన్నరే.

హాబీ సంస్థల లాకర్, ఎనామిల్ రంగులు, థిన్నర్లు మండే సరుకు కాబట్టి వాటిని విమానంలో మామూలు పార్సెల్‌గా పంపడం కుదరదు, ఆలస్యమవుతాయి, ఒక్కోసారి దొరకవు. అప్పుడు వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ లాకర్) థిన్నర్ లీటరు డబ్బా కనిపిస్తుంది. ఇనుప గేట్లకు, చెక్క సామానుకు వేసే రంగుల కోసం తయారైన ఆ ద్రవంలో టొలుయీన్, కీటోన్లు, ఎస్టర్లు వంటి ఘాటైన ద్రావకాలు ఉంటాయి. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే పరికరం) కడుక్కోవడానికి అది భేషుగ్గా పనికి వస్తుంది. అదే ద్రవంతో కుంచె తడిపి ఒట్టి ప్లాస్టిక్ మీద రుద్దితే ప్యానెల్ లైన్లు మెత్తబడి పూడిపోతాయి. "యూట్యూబ్‌లో ఒకాయన వాడాడండీ" అంటారు. ఆయన ఎయిర్‌బ్రష్‌తో పలుచగా చల్లాడు, తుంపర ప్లాస్టిక్‌ను తాకేలోపే ద్రావకంలో చాలాభాగం గాలిలో ఆవిరైపోయింది. మీరు కుంచెతో పూశారు, అది అక్కడే నిలిచి తన పని తాను చేసుకుంది. వాడక తప్పదనుకుంటే రన్నర్ ముక్క మీద వేసి, ఆరాక గోటితో గీసి చూడండి.

థిన్నర్ మాట వచ్చింది కనుక తల్లిదండ్రుల భయం గురించి కూడా చెప్పాలి. "వాసన పీలిస్తే ఏమవుతుందో" అని రాత్రిళ్ళు ఫోన్ చేసేవారి ఆందోళన నాకు అర్థమవుతుంది. పిల్లలు కుంచెతో నీటి ఆధారిత రంగులు వేసుకుంటే, కిటికీ తీసి ఉంటే, అంత బెంగ అక్కరలేదు. లాకర్ చల్లేటప్పుడు మాత్రం గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ద్రావకపు ఆవిరిని ఆపలేవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, గాలిని బయటికి నెట్టే ఫ్యాన్ రెండూ కావాలి. నీటి రంగులనైనా ఎయిర్‌బ్రష్‌తో చల్లితే ఆ తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు: ఈ ఆవిర్లు గాలి కంటే బరువైనవి, నేల వెంట పాకుతాయి. రంగు చల్లే గదిలో దేవుడి దీపం, దోమల చుట్ట, గ్యాస్ పొయ్యి ఏదీ వెలుగుతూ ఉండకూడదు.

అపోహ: మన ఎండలకు కిట్లు పగులుతాయి.

పగలవు. పాలీస్టైరీన్ మెత్తబడడం మొదలయ్యేది దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. రామగుండం మే నెల ఎండ కూడా ఇంట్లోని అలమరాను ఆ దరిదాపులకు తీసుకుపోలేదు. మన వాతావరణంలో అసలు శత్రువు తేమ. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక పూత) చల్లితే నౌక మీద బూడిద పూసినట్టు తెల్లదనం వస్తుంది. ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ అక్కడ కూర్చుంటుంది. ముసురు విడిచిన రోజు నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను పలుచగా చల్లితే చాలాసార్లు ఆ తెల్లదనం దానంతట అదే పోతుంది. ఇది కూడా ప్లాస్టిక్ లోపం కాదు.

అపోహ: ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ కొనకపోతే మొదలుపెట్టకూడదు.

మంచి సైడ్ కట్టర్, కత్తి, సానకాగితం ఉంటే మొదటి నౌక కట్టవచ్చు. మిగతావి అవసరం వచ్చినప్పుడు కొనుక్కోండి. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఫెవిక్విక్ రకం జిగురు పెట్టకండి, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. ఆరాక పారదర్శకమయ్యే తెల్ల జిగురు చాలు.

అపోహ: వేరే కిట్ల ముక్కలు అతికించడం మోసం.

ఈ మాట అనేవారికి ఓపికగా జవాబు చెప్పడం నాకు కష్టం. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ చిత్రం కోసం కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో పనిచేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కళాకారులు దుకాణాల నుంచి ట్యాంకులు, రేసు కార్లు, యుద్ధనౌకల కిట్లు గుట్టలుగా తెచ్చి, వాటి ముక్కలతోనే మిలెనియం ఫాల్కన్ అనే నౌక పెద్ద నమూనా ఒంటిని నింపారు. ఏ ముక్క ఏ ట్యాంకుదో గుర్తుపట్టి ఆ పాత కిట్ల కోసం వెతికేవారు నేటికీ ఉన్నారు. అంటే మీరు మోసం అంటున్నది ఆ నౌక పుట్టిన పద్ధతే. కాల్పనిక నౌక కాబట్టి కచ్చితత్వం అక్కరలేదనే వాదనకూ ఇదే జవాబు. స్టార్ ట్రెక్ టీవీ ధారావాహికకు వాడిన సుమారు 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్ నౌక నమూనా వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఉంది, దాని బూడిదరంగు ఛాయ ఏదన్న దాని మీద మోడలర్లు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

అపోహ: 1/144 అంటే 1/72 కంటే పెద్దది.

ఇవి స్కేళ్ళు, అంటే అసలు నౌకను ఎన్నో వంతుకు కుదించారో చెప్పే భిన్నాలు. కింద ఉన్న సంఖ్య పెరిగేకొద్దీ నమూనా చిన్నదవుతుంది. ఫాల్కన్ పొడవు 34.75 మీటర్లుగా చెబుతారు కాబట్టి 1/72లో అది దాదాపు 48 సెంటీమీటర్లు, 1/144లో 24. స్టార్ వార్స్‌లోని 1,600 మీటర్ల యుద్ధనౌక స్టార్ డిస్ట్రాయర్‌ను 1/72లో కడితే 22 మీటర్లు దాటుతుంది కాబట్టి దానిని 1/5000లో 32 సెంటీమీటర్లకు కుదించి అమ్ముతారు. పెట్టె సైజు చూసి మోసపోకండి. అసలు పొడవును కింది సంఖ్యతో భాగించి, వచ్చిన కొలతకు స్టాండు కోసం నాలుగైదు సెంటీమీటర్లు కలిపి, డబ్బు కట్టే ముందే అలమరా అరను టేపుతో కొలుచుకోండి.