సంకేతం ఒకటే, చదివే తీరు వేరు: బ్యాక్టీరియాలో మనిషి జన్యువుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: జన్యుసంకేతం అన్ని జీవులకూ ఒకటే కాబట్టి మనిషి జన్యువును ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో పెడితే ప్రోటీన్ దానంతటదే వస్తుంది.

ల్యాబుల్లో నెలలకు నెలలు మింగేసే అపోహ ఇది. మొదటి సగం దాదాపు నిజమే: ఏయూజీ అనే మూడక్షరాల కోడాన్ మనకైనా ఈ.కోలైకైనా మెథియోనిన్ అనే అమైనో ఆమ్లమే. కానీ చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ముక్క కత్తిరించాలో చెప్పే గుర్తులు రెండు చోట్లా వేరు. ప్రోటీన్ రాకపోతే విద్యార్థులు తమ చేతి పనితనాన్నే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు చేతిలో ఉండదు, క్లోన్ ప్లాన్ గీసుకున్న కాగితంలో ఉంటుంది.

ముందు ఇంట్రాన్ల (జన్యువు మధ్యలో ఉండి, ప్రోటీన్ చేసే ముందు కత్తిరించేసే ముక్కల) సంగతి చూడండి. మన జన్యువులు ముక్కలుగా ఉంటాయని 1977లోనే తేలింది. అందుకు రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. అయినా జీనోమిక్ డీఎన్ఏ నుంచి పీసీఆర్‌తో జన్యువు నకళ్లు తీసి నేరుగా ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియా మోసే చిన్న డీఎన్ఏ వలయంలో) పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ.కోలైలో ఇంట్రాన్లను కత్తిరించే స్ప్లైసియోజోమ్ లేదు. ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ ఇంట్రాన్‌ను కూడా చదువుకుంటూ పోతుంది, కాసేపటికే ఏదో ఒక స్టాప్ కోడాన్ తగిలి ఆగిపోతుంది. అందుకే సీడీఎన్ఏ (ఇంట్రాన్లు తీసేసిన ఆర్ఎన్ఏ నుంచి తయారైన డీఎన్ఏ) వాడాలి, లేదా జన్యువును సింథసిస్ చేయించాలి.

ఇంట్రాన్ల తర్వాత మొదలుపెట్టే గుర్తు. మన రైబోజోమ్ ఎంఆర్ఎన్ఏ (జన్యువు ఆర్ఎన్ఏ నకలు) మొదటి కొసన, అంటే 5′ చివర ఉండే క్యాప్ దగ్గర ఎక్కి, ఏయూజీ దొరికేదాకా వెతుక్కుంటూ వస్తుంది. బ్యాక్టీరియా రైబోజోమ్‌కి క్యాప్‌తో పనిలేదు. ఏయూజీకి 5 నుంచి 9 న్యూక్లియోటైడ్ల ముందు ఏజీజీఏజీజీ లాంటి షైన్-డాల్గార్నో వరుస ఉంటే దానికి అతుక్కుంటుంది. పెట్ వెక్టర్లలో (ఈ.కోలైలో ప్రోటీన్ చేయించే ప్లాస్మిడ్లలో) ఆ వరుస ముందే ఉంటుంది. ఎన్‌డీఈ-1 అనే ఎంజైమ్ కత్తిరించే సైట్ సీఏటీఏటీజీలోని ఏటీజీయే (ఆర్ఎన్ఏలో ఏయూజీ) స్టార్ట్ కోడాన్, కాబట్టి అక్కడ క్లోన్ చేస్తే దూరం సరిపోతుంది. సీడీఎన్ఏ ముందున్న 5′ యూటీఆర్‌ని (ప్రోటీన్‌గా మారని ముందు భాగాన్ని) కూడా కలిపి పెడితే ఆ లెక్క చెడుతుంది. అప్పుడు ఎంఆర్ఎన్ఏ దండిగా కనిపిస్తుంది, మీకు కావలసిన ప్రోటీన్ మాత్రం ఉండదు.

ఇక కోడాన్లు. ఆర్జినిన్‌కి మన జన్యువులు తరచూ వాడే ఏజీఏ, ఏజీజీలు ఈ.కోలైలో అరుదు, వాటికి అమైనో ఆమ్లం తెచ్చే టీఆర్ఎన్ఏలూ తక్కువే. అవి రెండు మూడు పక్కపక్కనే వస్తే రైబోజోమ్ తడబడుతుంది. ఆ టీఆర్ఎన్ఏలు అదనంగా ఉన్న రోజెట్టా స్ట్రెయిన్ వాడండి, లేదా కోడాన్లు మార్చి రాయించండి.

ఇవన్నీ దాటాక జెల్ మీద లావుపాటి బ్యాండ్ వచ్చిందని సంబరపడకండి. కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ చేసి, పైన మిగిలిన సూపర్నాటెంట్‌ని, అడుగున పేరుకున్న పెల్లెట్‌ని వేర్వేరు లేన్లలో నడపండి. బ్యాండ్ అంతా పెల్లెట్‌లోనే ఉంటే ప్రోటీన్ సరిగా మడతపడక ఇన్‌క్లూజన్ బాడీలుగా గడ్డకట్టిందని అనుమానించాలి. 37 డిగ్రీల దగ్గర 1 మిల్లీమోలార్ ఐపీటీజీ (జన్యువును ఆన్ చేసే రసాయనం) ఇస్తే తరచూ జరిగేది ఇదే. ఓడీ (కల్చర్ చిక్కదనం కొలత) 0.6 రాగానే కల్చర్‌ని 18 డిగ్రీలకు చల్లార్చి, ఆ తర్వాతే 0.1 మిల్లీమోలార్ ఇచ్చి రాత్రంతా ఉంచి చూడండి. డైసల్ఫైడ్ బంధాలు కావాలంటే మామూలు స్ట్రెయిన్ల సైటోప్లాజమ్ కుదరదు, ప్రోటీన్‌ని పెరిప్లాజమ్‌కి (కణం రెండు పొరల మధ్య చోటికి) పంపాలి. చక్కెర గొలుసులు కావాలంటే మామూలు ఈ.కోలై స్ట్రెయిన్లతో కానేకాదు. ఎర్రరక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్‌ని క్షీరద కణాల్లో తయారుచేసేది అందుకే.

అపోహ: ఎంఆర్ఎన్ఏ ఎక్కడిదైనా ఓలిగో-డీటీతో సీడీఎన్ఏ చేసుకోవచ్చు.

మన కణాల్లో ఎంఆర్ఎన్ఏ చివరి పాలీ-ఏ తోక (ఏ అక్షరాల వరుస) దాన్ని కాపాడుతుంది; ఓలిగో-డీటీ ప్రైమర్ అతుక్కునేది ఆ తోకకే. బ్యాక్టీరియాలో తోక చాలావాటికి ఉండనే ఉండదు, ఉన్నా పొట్టిది, పైగా అది ఆర్ఎన్ఏ విచ్ఛిన్నాన్ని తొందరచేస్తుంది. కాబట్టి రాండమ్ హెక్సామర్లు (ఎక్కడైనా అతుక్కునే ఆరక్షరాల ప్రైమర్లు) వాడాలి. బ్యాక్టీరియా ఎంఆర్ఎన్ఏ అర్ధాయువు సాధారణంగా కొద్ది నిమిషాలే. కల్చర్‌ని తీరిగ్గా పది నిమిషాలు తిప్పి పెల్లెట్ చేస్తే మీరు కొలిచేది కల్చర్‌ని కాదు, సెంట్రిఫ్యూజ్‌లో మారిపోయిన కణాలని. ఆర్ఎన్ఏని నిలిపే ద్రావణం ముందే కలపండి. ఇంకో మాట: బ్యాక్టీరియా జన్యువుల్లో సాధారణంగా ఇంట్రాన్లు ఉండవు కాబట్టి ఇక్కడ ఎక్సాన్ జంక్షన్ (ఇంట్రాన్ తీసేశాక రెండు ముక్కలు కలిసే చోటు) మీదుగా ప్రైమర్ వేసి జీనోమిక్ డీఎన్ఏని తప్పించుకునే వీలు లేదు. డీఎన్ఏజ్ ట్రీట్‌మెంట్, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని కంట్రోల్, రెండూ చేయాల్సిందే.

అపోహ: ఆపరాన్లు (ఒకే ఆర్ఎన్ఏగా కలిసి నకలయ్యే జన్యువుల వరుసలు) బ్యాక్టీరియాకే సొంతం.

కాదు. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే నులిపురుగులోనూ ఉన్నాయి.

అపోహ: బ్యాక్టీరియాలో చేసిన ఇన్సులిన్ బ్యాక్టీరియా ఇన్సులినే.

ఈ భయంతో మందు మానేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది, వదంతి పుట్టించినవాళ్లని చూస్తే కోపమొస్తుంది. ఇన్సులిన్‌కి చక్కెర గొలుసులు అక్కర్లేదు. 1978లో ఏ, బీ గొలుసులను ఈ.కోలైలో విడివిడిగా చేయించి, తర్వాత బయట కలిపారు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఆ హ్యూమన్ ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాలూ మన క్లోమం చేసే ఇన్సులిన్‌లో ఉన్నవే, అదే వరుసలో.