సీ బుక్ లేని పాత బండి: అపోహలు, వాస్తవాలు

పాత బండ్ల కాగితాల పని చేసేవాళ్లకి రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "బండి చేతిలో ఉంది, సీ బుక్ (రిజిస్ట్రేషన్ పుస్తకం, ఆర్‌సీ అనేదీ ఇదే) లేదు. నా పేరు మీదికి ఎక్కుతుందా?" బండి ఆర్‌ఎక్స్ 100 కావచ్చు, యెజ్డీ కావచ్చు, రాజ్‌దూత్ కావచ్చు, వాళ్ల నాన్నగారి బుల్లెట్ కావచ్చు. నేను ముందు అడిగేది ఒక్కటే. పోయింది పుస్తకమేనా, లేక బండి ఎవరిదో కూడా తెలియదా? పుస్తకం పోతే పని అవుతుంది, కాస్త తిరగాలి అంతే. ఓనర్ ఎవరో తెలియకపోతే ఆ దారే వేరు, చాలాసార్లు అసలు దారే ఉండదు. ఈ తేడా చెప్పకుండా "నాకు వదిలెయ్ అన్నా, అన్నీ అయిపోతాయి" అని అడ్వాన్స్ తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. డబ్బు పోగొట్టుకునేవాళ్లూ ఎక్కువయ్యారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సీ బుక్ పోతే బండి ఇక తుక్కుకే

వాస్తవం: ఆర్‌సీ అనేది రికార్డుకు ఒక ప్రతి మాత్రమే. అసలు రికార్డు బండి రిజిస్టరైన ఆర్టీఏ ఆఫీసులో ఉంటుంది. పుస్తకం పోయినట్టు ఓనర్ పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చి, ఆ కాగితంతో ఫారం 26 పెట్టుకుంటే డూప్లికేట్ ఆర్‌సీ ఇస్తారు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 53వ రూల్ ఇదే చెబుతుంది. పెండింగ్ చలాన్లు కట్టేసుకోవాలి. ఫైనాన్స్ ఎంట్రీ ఉంటే ఆ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లోను తీరిందని తెలిపే ఫారం 35 తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్ల కిందట తీరిపోయిన లోను కూడా రికార్డులో తీసేయించకపోతే అలాగే కూర్చుని ఉంటుంది, చాలామందికి బ్రేక్ పడేది ఇక్కడే.

గమనించాల్సింది ఏమిటంటే, డూప్లికేట్‌కి అప్లై చేయాల్సింది రికార్డులో పేరున్న ఓనరు. కొన్న మీరు కాదు.

అపోహ: ఆన్‌లైన్‌లో చూపించకపోతే రికార్డు లేనట్టే

వాస్తవం: పాత నంబర్లు చాలా వరకు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. 1989కి ముందు మన దగ్గర జిల్లా కోడ్ అంకెలు లేవు, 'ఏ'తో మొదలయ్యే మూడు అక్షరాలు, తర్వాత నంబరు ఉండేవి. అలాంటి బండి వివరాలు ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొడితే 'నో రికార్డ్' అని వస్తుంది. ఏపీ 07, ఏపీ 09, ఏపీ 31 లాంటి సిరీస్‌లలో తొంభైల నాటి బండ్లకూ కొన్నిసార్లు ఇదే పరిస్థితి. అంతమాత్రాన కంగారు పడక్కర్లేదు.

అప్పట్లో ఆర్టీఏ ఆఫీసుల్లో బి-రిజిస్టర్ అని పెద్ద పెద్ద పుస్తకాలు రాసేవాళ్లు. బండి నంబరు, చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఓనర్ పేరు, తండ్రి పేరు, అడ్రసు, ఫైనాన్స్, ఆ తర్వాత ఎవరెవరి పేరు మీదికి మారిందో అన్నీ వాటిలో ఉంటాయి. ఓనర్ అప్లికేషన్ పెడితే పుస్తకం తీసి, వివరాలు సరిపోతే కంప్యూటర్‌లోకి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేస్తారు. ఆ తర్వాతే డూప్లికేట్ గానీ, రెన్యువల్ గానీ. ఆ పేజీ చెదలు తిని ఉంటే? అప్పుడు పాత ఇన్సూరెన్స్ పాలసీ, ట్యాక్స్ రసీదు, సీ బుక్ జిరాక్స్ లాంటివే ఆధారం. ఇంట్లో బీరువాలో ఉన్న ఏ పాత కాగితమూ పారేయకండి.

రాష్ట్రం విడిపోయింది కదా, రికార్డు ఎక్కడుంటుందని కూడా అడుగుతుంటారు. బండి ఏ జిల్లా ఆఫీసులో రిజిస్టరైతే అక్కడే. ఏపీ 09 ఖైరతాబాద్‌ది, ఏపీ 07 గుంటూరుది. 2014 జూన్‌కి ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండికి ఏపీ నంబర్ ఉందని దాన్ని టీఎస్‌కో, ఇప్పటి టీజీకో మార్చాల్సిన పని లేదు. గుంటూరు బండిని హైదరాబాద్‌లో శాశ్వతంగా పెట్టుకుంటే మాత్రం అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబర్ తీసుకోవాలి.

అపోహ: వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాయించుకున్నాం, బండి మాదే

దీనివల్ల జరిగే నష్టం కొన్నవాళ్లకే కాదు, అమ్మినవాళ్లకీ ఉంది. బాండ్ పేపర్ మీద సంతకాలు మీ ఇద్దరి మధ్య లావాదేవీకి సాక్ష్యం, అంతే. ఆర్టీఏ దృష్టిలో పేరు మారాలంటే ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవాళ్ల సంతకం కావాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో అప్లై చేసుకోవాలి. బాండ్ చేతులు మారుతూ మూడో మనిషికి, నాలుగో మనిషికి వెళ్లిందంటే రికార్డులో మాత్రం మొదటి ఆయన పేరే ఉంటుంది.

2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది సరిగ్గా ఇలాంటి విషయమే. కారు ఒకరి నుంచి ఒకరికి అమ్ముడుపోతూ వెళ్లింది, రికార్డులో పేరు మాత్రం మారలేదు. ప్రమాదం జరిగింది. ఎప్పుడో అమ్మేసిన మొదటి ఓనరే పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది, ఎందుకంటే చట్టం ప్రకారం ఓనర్ అంటే ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో వాళ్లే. మీరు పదేళ్ల కిందట అమ్మేసిన బండి ఇప్పటికీ మీ పేరు మీదే తిరుగుతోందేమో ఒకసారి చూసుకోండి.

ఈ తీర్పు చెబితే పాత ఓనర్లు సంతకానికి ముందుకొస్తారు కూడా. "ఎప్పుడో అమ్మేశాను, నాకెందుకు" అన్న పెద్దాయనకి "బండి ఇంకా మీ పేరు మీదే ఉందండి, ఏదైనా జరిగితే నోటీసు మీకే వస్తుంది" అని మర్యాదగా చెబితే, చాలామంది వాళ్లే ఆధార్ పట్టుకుని ఆఫీసుకు వస్తారు.

అపోహ: 15 ఏళ్లు దాటిన బండి నడపడం నేరం

వాస్తవం: ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. అక్కడ పెట్రోల్ బండ్లకి 15 ఏళ్లు, డీజిల్‌కి 10 ఏళ్లు అని గ్రీన్ ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఆదేశాలతో వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో సొంత బండికి 15 ఏళ్లు నిండాక ఫారం 25 పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి బాగుందంటే, ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. గ్రీన్ ట్యాక్స్ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన బైకు రెన్యువల్ ఫీజు 2,000 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం రూల్స్‌లో ఆలస్యానికి నెలకు 300 చొప్పున అదనం కూడా ఉంది. 1996లో రిజిస్టరైన ఆర్‌ఎక్స్ 100కి 2011లో మొదటి గడువు తీరింది, తర్వాత 2016, 2021. ఎప్పుడూ చేయించకపోతే ఆఫీసులో అడిగి, ఎంత కట్టాలో తెలిశాకే బండి బేరం ఆడండి.

అపోహ: తుక్కు బండి ఆర్‌సీ దొరికితే నంబర్ కొట్టించుకోవచ్చు

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. షెడ్లలో దీన్ని పెద్ద తప్పుగా చూడరు. యాక్సిడెంట్‌లో నుజ్జయిన బండి ఆర్‌సీ కొంటారు, ఆ చాసిస్ నంబర్‌ను మీ బండి ఫ్రేము మీద పంచింగ్ చేస్తారు. పేపర్లు 'ఒరిజినల్' అంటారు. కాగితం ఒరిజినలే, బండి కాదు. ఇది ఫోర్జరీ. పైగా మీ బండి ఎక్కడైనా దొంగతనం అయినదైతే, అసలు నంబరు అరగదీయించింది మీరే అవుతారు. దొంగ సొత్తని తెలిసీ ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317 కింద కూడా నేరం.

కొనేముందు మీరే చూసుకోవచ్చు, కష్టమేమీ కాదు. చాసిస్ నంబర్ చాలా బండ్లకి హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర ఉంటుంది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో గ్రీజు, మట్టి తుడవండి. వైర్ బ్రష్ పెట్టకండి, అక్షరాలు పోతాయి. ఆరాక పల్చటి కాగితం అదిమి పట్టి, పెన్సిల్ మొనను పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. నల్లటి మరకలో అంకెలు తెల్లగా తేలతాయి. ఆర్టీఏలో అడిగే పెన్సిల్ ప్రింట్ ఇదే. కంపెనీ కొట్టిన అంకెలు వరసగా, ఒకే లోతులో ఉంటాయి. ఒక అంకె పైకి, ఒకటి కిందకి ఉన్నా, ప్రింట్‌లో అంకెల వెనక గీతలు గీతలుగా ఫైల్ ఆనవాళ్లు కనిపించినా, ఆ చోట రంగు మందంగా ఉన్నా, బండి ఎంత నచ్చినా వదిలేయండి.

ఇంజిన్ నంబర్ కూడా తీయండి. ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ 1ఎల్1 అని మొదలవుతుంది. ఆ ఫ్రేములో ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ కూర్చోబెట్టి అమ్మేవాళ్లు చాలామంది. ఇంజిన్ మార్చడమే నేరం కాదు గానీ, సెక్షన్ 52 ప్రకారం అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. లేకపోతే ఇన్‌స్పెక్షన్ రోజున ఆగిపోతుంది. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వెబ్‌సైట్‌లో బండి నంబర్, చాసిస్, ఇంజిన్ నంబర్లు ఇచ్చి, దొంగ బండ్ల జాబితాలో ఉందో లేదో చూసుకునే సదుపాయం కూడా ఉంది. వాడుకోండి.

అపోహ: కొత్త బండిలా మళ్లీ రిజిస్టర్ చేయించి కొత్త నంబర్ తీసుకోవచ్చు

కుదరదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి డీలర్ ఇచ్చే ఫారం 21, కంపెనీ ఇచ్చే ఫారం 22 కావాలి. 1985 రాజ్‌దూత్‌కి అవి ఇప్పుడు ఎవరిస్తారు? ఒకసారి నంబర్ పడిన బండికి పాత రికార్డు పక్కన పెట్టి ఇంకో నంబర్ ఇవ్వరు.

"వింటేజ్ కింద పెడదాం" అని ఇంకో మాట. 2021 జులైలో వచ్చిన ఆ రూల్స్, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఒరిజినల్‌గా ఉన్న బండ్లకే. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబర్‌లో వీఏ అని వస్తుంది. ఆ బండి మీద రోజూ ఆఫీసుకు వెళ్లకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ మాత్రమే. అక్కడ కూడా మన దేశంలో రిజిస్టరైన బండికి పాత ఆర్‌సీ అడుగుతారు.

అపోహ: పోలీసు వేలంలో కొంటే కాగితాల టెన్షన్ ఉండదు

సగం నిజం. వాడుకునే బండిగా వేలం వేస్తే, ఇచ్చిన ధ్రువపత్రంతో పేరు మార్పుకి 30 రోజుల్లో ఫారం 32 పెట్టుకోవచ్చు. తుక్కు కింద వేలం వేస్తే అది విడిభాగాలకే, రోడ్డెక్కదు. పాట పాడే ముందు నోటీసులో ఏం రాశారో చదవండి.

అపోహ: నాన్నగారి బండే కదా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు

వాస్తవం: ఓనర్ చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లో పేరు మార్పుకి ఫారం 31 పెట్టాలి. ఆలస్యమైనా పని అవుతుంది, అదనపు రుసుము పడుతుంది. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు కావాలి. అమ్మ సంతకం, అక్క సంతకం ఇప్పుడు ఒక పూటలో అయిపోతాయి. వాళ్లూ లేకపోతే వాళ్ల పిల్లలందరినీ వెతకాలి. అమెరికాలో ఉన్న తమ్ముడు అక్కడి భారత కాన్సులేట్‌లో అఫిడవిట్ అటెస్ట్ చేయించి పంపవచ్చు, ఆయన ఫ్లైట్ ఎక్కి రావక్కర్లేదు. బండిని మాత్రం ఇన్‌స్పెక్షన్‌కి తేవాలి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. స్టార్ట్ కాకపోతే ఆటో ట్రాలీలో ఎక్కించి తీసుకురండి, రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండిని రోడ్డు మీద నడుపుకుంటూ రావద్దు.