కాకాపోకి మేత ఎప్పుడు పెట్టాలి?

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "న్యూజిలాండ్‌లో ఎగరలేని చిలక ఉందట, అది రెండు మూడేళ్లకోసారి మాత్రమే గుడ్లు పెడుతుందట. మరి కడుపునిండా మేత పెడితే ఏటా పెట్టదా? మా పెరట్లో కోళ్లు పెడుతున్నాయి కదా!"

చాలా మంచి ప్రశ్న. ఆ చిలక పేరు కాకాపో. సరిగ్గా ఇదే ఆశతో న్యూజిలాండ్ వాళ్లు 1989లో హౌతురు అనే దీవిలో కాకాపోలకు అదనపు మేత పెట్టడం మొదలుపెట్టారు. ఆపిల్ ముక్కలు, చిలగడదుంపలు, బాదం, అక్రోటు లాంటి గింజలు పెట్టారు. పక్షులు బాగా తిన్నాయి, బరువు పెరిగాయి. కానీ ఏటా గుడ్లు పెట్టలేదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి వచ్చింది. మేత తిన్న తల్లులకు పుట్టిన పిల్లల్లో మూడింట రెండు వంతులు మగవే! అంతరించిపోతున్న జాతికి కావలసింది ఆడపక్షులు. మనం పెట్టిన మేత వల్ల మగపిల్లలు ఎక్కువయ్యాయి. ఎందుకలా జరిగిందో, దాన్ని ఎలా సరిదిద్దారో చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. పరిణామ సిద్ధాంతం నేరుగా ఒక జాతి ప్రాణం కాపాడిన సందర్భాల్లో ఇంత అందమైనది నాకు మరొకటి కనిపించలేదు.

ముందు పక్షి సంగతి క్లుప్తంగా. కాకాపో రాత్రిపూట తిరిగే, ఆకుపచ్చటి, ప్రపంచంలోకెల్లా బరువైన చిలక. మగది రెండు కిలోల నుంచి నాలుగు కిలోల దాకా తూగుతుంది, ఆడది బాగా తేలిక. గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే క్షీరదాలు లేని దీవుల్లో లక్షల ఏళ్లు బతికింది కాబట్టి దానికి ఉన్న శత్రువులన్నీ పైనుంచి చూసి వేటాడే పెద్ద పక్షులే. ప్రమాదం వస్తే కదలకుండా నిలబడిపోవడం దాని అలవాటు. నాచు రంగు ఈకలతో అలా నిలబడితే డేగ కంటికి ఆనదు. కానీ మనుషులతో వచ్చిన ఎలుకలు, కుక్కలు, పిల్లులు, స్టోట్ అనే సన్నటి మాంసాహారి జంతువు వాసన పట్టి వేటాడతాయి. వాటి ముందు కదలకుండా నిలబడితే చావే గతి. పైగా కాకాపో ఒంటినుంచి వచ్చే తియ్యటి వాసన మనిషికి కూడా తెలిసేంత ఘాటుగా ఉంటుంది.

1894లో రిచర్డ్ హెన్రీ అనే ఆయన్ను ప్రభుత్వం రిజల్యూషన్ దీవికి కాపలాదారుగా పంపింది. ఆయన వందలకొద్దీ పక్షులను పడవలో ఆ దీవికి చేర్చాడు. 1900లో స్టోట్లు నీళ్లలో ఈదుకుంటూ అక్కడికీ వచ్చేశాయి. అన్నేళ్ల శ్రమా పోయింది. 1970లలో ప్రధాన భూభాగంలోని ఫియోర్డ్‌ల్యాండ్ కొండల్లో వెతికితే దొరికిన కొద్ది పక్షులూ మగవే. 1977లో స్టూవర్ట్ దీవిలో మరో గుంపు, అందులో ఆడవి కూడా, బయటపడకపోయి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అక్కడ పిల్లులు చంపేస్తుంటే, 1980ల నుంచి ఆ కాకాపోలన్నిటినీ పట్టి శత్రువులు లేని చిన్న దీవులకు తరలించారు. 1995 నాటికి మొత్తం మిగిలినవి 51. అందులో ఆడవి సగం కూడా లేవు.

ఇక అసలు ప్రశ్న. ఏటా ఎందుకు పెట్టదు?

దానికి కారణం రిము అనే చెట్టు. మన మామిడికి కాపు ఏడు, కాపు లేని ఏడు ఉన్నట్టే రిము కూడా ఏటా కాయదు, కానీ దాని విరామం రెండు నుంచి నాలుగేళ్లు. ఆ ప్రాంతంలోని చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే ఏడాది విరగకాస్తాయి. ఏటా కొంచెం కొంచెం కాస్తే గింజలు తినే జీవులు మొత్తం ఊడ్చేస్తాయి. కొన్నేళ్లు పస్తు పెట్టి ఒక్కసారిగా కుప్పలుగా కాస్తే తిన్నవి తినగా మిగిలినవి మొలకెత్తుతాయి. కాకాపో పిల్లకు ఈ రిము పండే ప్రధానమైన ఆహారం. కాల్షియం, విటమిన్ డి దండిగా ఉంటాయి. తల్లి ఒక్కతే పిల్లలను పెంచాలి, తండ్రి గూటి దగ్గరికి కూడా రాడు. రాత్రంతా కొమ్మ కొమ్మకీ ఎక్కి పండ్లు కోసి తెచ్చి పెట్టడం ఒక్క పక్షి వల్ల కావాలంటే చెట్టు నిండా కాయ ఉండాలి. అందుకే కొమ్మల చివర పచ్చి కాయలు తగినన్ని కనిపిస్తేనే ఆడపక్షి జతకు సిద్ధపడుతుంది. కొమ్మ చివర్లలో పది శాతం దగ్గరగా కాయ పట్టిందంటే మరుసటి వేసవికి గుడ్లు వస్తాయని పరిశోధకులు ముందే లెక్కగడతారు. గుమ్మం ముందు బాదం పెట్టినా ఆ పక్షి చూసేది రిము కొమ్మనే. కోడిని వేల ఏళ్లుగా ఏటా, రోజూ పెట్టే గుణం చూసి మనిషి ఎంచి పెంచాడు. కాకాపోను అలా ఎవరూ పెంచలేదు.

ఇప్పుడు మగపిల్లల చిక్కు.

కాకాపో మగపక్షులు సీజన్ రాగానే కొండ గట్టు మీద ఎవరి స్థలం వాళ్లు చూసుకుని నేలలో పళ్లెంలాంటి గుంటలు తవ్వుకుంటాయి. గుంటలో కూర్చుని ఛాతీలోని గాలి సంచిని ఉబ్బించి "భుమ్... భుమ్..." అని లోతైన శబ్దం చేస్తాయి. ఆ శబ్దం కిలోమీటర్ల దూరం వెళుతుంది. రాత్రికి ఎనిమిది గంటలదాకా, రెండు మూడు నెలలపాటు ఇదే పని. ఆడపక్షులు ఎంతో దూరం నుంచి నడిచి వచ్చి, నచ్చిన మగపక్షితో జతకట్టి వెళ్లిపోతాయి. ఈ పద్ధతిని జీవశాస్త్రంలో లెక్ అంటారు. చిలకల్లో ఇది ఒక్క కాకాపోకే ఉంది. లెక్‌లో నెగ్గేవి ఒకటో రెండో, మిగతావాటికి ఏమీ దక్కదు. బ్లేడ్స్ అనే ఒక మగపక్షి ఇరవైకి పైగా పిల్లలకు తండ్రి అయింది. ఇక దాని సంతతి మరీ ఎక్కువైపోతుందని దాన్ని వేరే దీవికి పంపేయవలసి వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క వేసుకుందాం. ఊహాజనితమైన లెక్కే, కానీ విషయమంతా ఇందులోనే ఉంది. ఒక దీవిలో పది ఆడవి, పది మగవి. ఒక సీజన్‌లో ఇరవై పిల్లలు. ఆడవాటికి ఒక్కోదానికి ఇంచుమించు రెండేసి. మగవాటిలో రెండిటికి ఎనిమిదేసి, ఒకదానికి నాలుగు, మిగతా ఏడింటికీ సున్నా. సగటు చూస్తే మగకైనా ఆడకైనా రెండే. కానీ సగటులో కనిపించనిది ఒకటుంది. కూతురు బలంగా ఉన్నా బక్కగా ఉన్నా తల్లికి రెండు మనవలు ఖాయం. కొడుకు బలంగా పెరిగితే ఎనిమిది మంది, బక్కగా ఉంటే ఒక్కరూ లేరు. కొడుకు బలం దేని మీద ఆధారపడుతుంది? పెరిగే వయసులో తిన్న తిండి మీద, అంటే తల్లి ఒంటి స్థితి మీద. కాబట్టి ఒంట్లో కొవ్వున్న తల్లికి కొడుకు లాభం, బక్కచిక్కిన తల్లికి కూతురు లాభం. తన స్థితిని బట్టి పిల్లల లింగాన్ని కొంచెం అటూ ఇటూ జరపగలిగిన తల్లుల వంశం తరతరాలుగా ఎక్కువగా నిలబడుతుంది. 1973లో రాబర్ట్ ట్రివర్స్, డాన్ విలార్డ్ అనే ఇద్దరు ఈ మాట సిద్ధాంతంగా చెప్పారు. అప్పట్లో వాళ్ల ముందు కాకాపో లేదు, ఒక తర్కం ఉంది అంతే.

ఇప్పుడు మేత సంగతి చూడండి. అడవిలోనైతే ఏ ఏడాదైనా కొందరు తల్లులు బలంగా, కొందరు బలహీనంగా ఉంటారు. మొత్తం మీద కొడుకులు, కూతుళ్లు సరిపోతారు. మనం గిన్నెల్లో గింజలు పోసి తల్లులందరినీ ఒకేసారి బలంగా చేశాం. ప్రతి తల్లి శరీరమూ "ఈసారి కొడుకు" అనే నిర్ణయానికే వచ్చింది. ఒక్కొక్క తల్లికి అది సరైన నిర్ణయమే, జాతికి మాత్రం ప్రమాదం. ప్రకృతి వరణం జాతి మంచి కోసం పనిచేస్తుందని పాఠాల్లో కూడా చెప్పేస్తుంటారు. అది తప్పు. వరణం లెక్కపెట్టేది ఎవరి సంతానం ఎంత అని మాత్రమే. బడిలో ఈ ఒక్క సంగతి చెప్పడానికి కాకాపో ఉదాహరణ వాడితే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. మగవి మరీ ఎక్కువైతే కొన్ని తరాలకు కూతుళ్ల విలువ పెరిగి నిష్పత్తి మళ్లీ సర్దుకుంటుంది, నిజమే. కానీ యాభై పక్షులున్న జాతికి కొన్ని తరాల గడువు ఎక్కడిది?

తల్లి బిడ్డ లింగాన్ని జరపడం ఏమిటని అనిపించవచ్చు. మనుషుల్లో తల్లి అండంలో ఉండేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. ఎక్స్ లేదా వై తెచ్చేది తండ్రి వీర్యకణం. పక్షుల్లో ఇది తలకిందులు. మగపక్షికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడపక్షికి ఒక జెడ్, ఒక డబ్ల్యు. అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సగమయ్యే క్షయకరణ విభజనలో ఏ క్రోమోజోమ్ అండంలో నిలుస్తుందో, ఏది ధ్రువకణం అనే వృథాగా పోయే చిన్న కణంలోకి పోతుందో అన్నదాన్ని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది. అదంతా తల్లి శరీరంలోనే, గుడ్డు విడుదలయ్యే ముందే జరిగిపోతుంది. ఆ తూకం ఏ హార్మోన్ల వల్ల మారుతుందన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చవలసిన విషయం. ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించే ఇళ్లు మన మధ్య ఇంకా ఉన్నాయి. మగపిల్లాడి కోసం ఫలానాది తినమని మందులు అమ్మేవాళ్లూ ఉన్నారు. కాకాపో తల్లి కథను తెచ్చి వాటికి మద్దతుగా చెప్పుకోవద్దు. మనిషిలో ఆ క్రోమోజోమ్ తల్లి చేతిలో లేనే లేదు. ఆ నింద అన్యాయం, ఆ మందు మోసం.

మిక్ క్లౌట్, గ్రేమ్ ఎలియట్, బ్రూస్ రాబర్ట్‌సన్ అనే ముగ్గురు పాత లెక్కలన్నీ తీసి 2002లో ఈ చిక్కును ప్రచురించారు. మేత పూర్తిగా ఆపేస్తే? తల్లి మరీ బక్కగా ఉంటే గుడ్లే పెట్టదు, పిల్లల్ని పెంచలేదు. కాబట్టి దారి సన్నది: గుడ్లు పెట్టేంత బరువు ఉండాలి, కొడుకుల వైపు మొగ్గేంత ఉండకూడదు. ఆ గీతను కిలోన్నర దగ్గర గీశారు. సీజన్‌కు ముందు ఒక్కో ఆడపక్షిని తూచి, ఎవరికెంత కావాలో అంతే మేత పెట్టారు. గుడ్డు పెట్టేశాక పిల్ల లింగం మారదు కాబట్టి, ఆ తర్వాత తల్లికి కావలసినంత పెట్టారు. మేత అదే, వేళ మారింది. ఆడమగ నిష్పత్తి సమానానికి వచ్చింది. ఆ 2002 సీజన్‌లోనే రిము విరగకాసి, 24 పిల్లలు ఎదిగి, జాతి సంఖ్య 62 నుంచి 86కి చేరింది. ఈ పద్ధతి పనిచేసిందని 2006లో మళ్లీ ప్రచురించారు. చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది నాకు. ముప్ఫై ఏళ్ల కిందటి ఒక తర్కం, ఒక తక్కెడ, సరైన వేళ!

ఆడపిల్లలు పుడితే చాలదు. కాకాపో గుడ్లలో చాలా వాటిలో పిండమే ఉండదు, దగ్గరి చుట్టరికం దీనికి ఒక కారణం. మేనరికాల వల్ల వచ్చే జబ్బుల గురించి మనకు తెలుసు కాబట్టి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. అయితే 2021లో వచ్చిన జన్యు అధ్యయనం ఒక ఆశ్చర్యం చూపించింది. స్టూవర్ట్ దీవి పక్షుల్లో హానికరమైన మార్పులు, అంతరించిపోయిన ప్రధాన భూభాగపు పక్షుల్లో కంటే తక్కువ! దాదాపు పదివేల ఏళ్లుగా చిన్న గుంపుగా ఉండటంతో, అంతర్గతంగా దాగి ఉండే చెడు జన్యువులు రెండు ప్రతులుగా కలిసి బయటపడి, అవి ఉన్న పక్షులు సంతానం లేకుండా పోయి, నెమ్మదిగా ఏరివేత జరిగిపోయింది. అయినా వైవిధ్యం తక్కువే. అందుకే 1975లో ఫియోర్డ్‌ల్యాండ్‌లో దొరికిన, అక్కడి పక్షుల్లో వంశం నిలిపిన ఒకే ఒక్క మగపక్షి (దానికీ రిచర్డ్ హెన్రీ పేరే పెట్టారు) సంతానం బంగారమంత విలువైనది. 2009లో కృత్రిమ గర్భధారణతో పిల్లలు పుట్టించారు. 2019లో వీర్యాన్ని డ్రోన్ మీద దీవి ఒక కొస నుంచి మరో కొసకు పంపారు, అది త్వరగా పాడవుతుంది కాబట్టి. 2014లో తల్లి కాలి కింద పడి నలిగిన గుడ్డును టేపు, జిగురుతో అతికించి పిల్లను బయటికి తెచ్చారు.

మన దగ్గరా ఇలాంటి పక్షి ఒకటుంది. రోళ్లపాడు గడ్డిమైదానాల బట్టమేక పిట్ట. మగది మెడ సంచి ఉబ్బించి శబ్దం చేస్తుంది, ఆడది ఒక్కతే పిల్లను పెంచుతుంది, సాధారణంగా ఒకే గుడ్డు. 2024 అక్టోబరులో జైసల్మేర్ కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో దాని పిల్ల పుట్టింది. రోళ్లపాడులో ఆ పిట్ట మళ్లీ నడవాలన్నా ఇలాంటి ఓపికే కావాలి.

కాకాపోల సంఖ్య 2019 సీజన్‌లో 200 దాటింది. ఆ ఏడాదే ఆస్పర్‌జిలోసిస్ అనే శిలీంధ్ర జబ్బు తొమ్మిది పక్షులను తీసుకుపోయింది. 2022లో 252కి చేరింది. ఇప్పుడు వాళ్ల టెన్షన్ స్థలం గురించి. చిన్న దీవులు నిండిపోతున్నాయి. 2023లో నాలుగు మగపక్షులను మౌంగటౌటారి అనే కంచె వేసిన కొండ అడవికి తెచ్చారు. ప్రధాన భూభాగం మీదికి అలా తేవడం దశాబ్దాల తర్వాత అదే మొదలు. కొన్ని కంచె దాటేశాయి. వీపున ట్రాన్స్‌మిటర్ ఉంది కాబట్టి వెతికి పట్టుకోగలిగారు. అసలు లక్ష్యం స్టూవర్ట్ దీవి మొత్తాన్ని పిల్లులు, ఎలుకలు లేకుండా శుభ్రం చేసి వాటి పాత ఇల్లు వాటికి ఇవ్వడం. అంత పెద్ద దీవిలో ప్రతి పక్షినీ తూచి మేత పెట్టడం కుదరదు. అందుకే ఆ బృందం ఇప్పటి నుంచే జోక్యం తగ్గించుకుంటోంది. గూళ్లు కొన్నిటిని తల్లులకే వదిలేసి చూస్తోంది.