మెట్రో అంచనాల మీద అనుమానం ఎక్కడ మొదలైంది

కొత్త మెట్రో లైనో, హైస్పీడ్ రైలో ప్రకటించగానే రెండు ప్రశ్నలు లేస్తాయి. చెప్పిన ఖర్చులో పూర్తవుతుందా? చెప్పినంతమంది ఎక్కుతారా? ఇలా అడిగేవాళ్లు అభివృద్ధికి అడ్డుపడుతున్నారని కొట్టిపారేయడం మామూలే. కానీ ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. ప్రభుత్వాలు ఇచ్చిన అంకెలు తప్పుతూ వచ్చినకొద్దీ పెరిగింది.

వంతెన కడితే జనానికి ఎంత మేలో లెక్కగట్టాలన్న ఆలోచన పాతదే. 1844లో ఫ్రెంచ్ ఇంజనీరు జూల్స్ డ్యూపుయీ దాన్ని పద్ధతిగా వివరించాడు. వసూలైన టోల్ ఒక్కటే వంతెన విలువ కాదని, అంతకన్నా ఎక్కువ ఇచ్చయినా దాటడానికి సిద్ధపడేవాళ్లకు మిగిలే ప్రయోజనాన్నీ కలపాలని ఆయన వాదన. 1936లో అమెరికా వరద నియంత్రణ చట్టం దీన్నే నియమంగా మార్చింది. లాభం ఎవరికి చేరినా సరే, మొత్తం కలిపి ఖర్చును మించాలి. మంచి నియమమే. చిక్కేమిటంటే, పని మొదలుకాకముందు ఖర్చూ అంచనాయే, లాభమూ అంచనాయే. ఒకటి కాస్త తగ్గించి, ఇంకొకటి కాస్త పెంచి రాస్తే ఎలాంటి ప్రాజెక్టుకైనా అనుమతి వచ్చేస్తుంది. సిడ్నీ ఒపేరా హౌస్‌ను 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో కడతామన్నారు. 1973లో, పదేళ్లు ఆలస్యంగా తెరిచేసరికి ఖర్చు 10 కోట్ల 20 లక్షలకు చేరింది.

సిటీ రవాణాలో ఈ సమస్య ముదిరింది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు పెరిగి, ప్రైవేటు ట్రామ్, బస్సు కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1964లో ప్రెసిడెంట్ జాన్సన్ ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చి నగరాలకు కేంద్ర నిధులు ఇవ్వడం మొదలుపెట్టింది. 1973 నుంచి నిర్మాణ ఖర్చులో 80 శాతం దాకా కేంద్రమే భరించేది. ఉద్దేశం గొప్పది. అయితే డబ్బు పైనుంచి వస్తోంది, దానికోసం నగరాలు పోటీ పడుతున్నాయి. అలాంటప్పుడు తక్కువమంది ఎక్కుతారని నిజం రాసుకున్న నగరమే వెనకబడిపోతుంది.

మయామీలో జరిగింది చూడండి. మామూలు పనిదినాన దాదాపు 2 లక్షల 40 వేలమంది ఎక్కుతారని చెప్పి మెట్రో కట్టారు. 1984లో మొదలైంది. తొలి ఏళ్లలో రోజుకు ఎక్కింది సుమారు 35 వేలమంది. అంటే ఏడుగురు వస్తారంటే ఒక్కరు వచ్చారు. ఆ ప్రయాణికులందరికీ తలా ఒక లిమోజిన్ కారు కొనిచ్చినా ఇంతకన్నా చవకయ్యేదని 1985లో ప్రెసిడెంట్ రీగన్ ఎద్దేవా చేశాడు. ఆ మాట రవాణా ఖర్చుల్ని వ్యతిరేకించేవాళ్లకు చాలాకాలం పనికొచ్చింది. 1989లో అమెరికా రవాణా శాఖకు చెందిన డాన్ పిక్రెల్ అలాంటి ప్రాజెక్టుల అంచనాల్నీ, అసలు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఎక్కువ చోట్ల చెప్పినదాంట్లో సగంమంది కూడా ఎక్కలేదని తేలింది.

అడిగేవాళ్లంతా కార్లున్నవాళ్లు, పన్నులు కట్టడం ఇష్టంలేనివాళ్లు అనుకుంటే పొరపాటు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం లాస్ ఏంజెలెస్‌ది. 1994 వేసవిలో అక్కడి రవాణా సంస్థ బస్సు టికెట్‌ను 1.10 డాలర్ల నుంచి 1.35కి పెంచుతూ, 42 డాలర్ల నెలవారీ పాస్‌ను ఎత్తేస్తూ నిర్ణయం తీసుకుంది. డబ్బుల్లేవన్నది కారణం. కొద్ది రోజులకే అదే బోర్డు ప్యాసడీనా రైలు లైనుకు 12 కోట్ల 30 లక్షల డాలర్లు కేటాయించింది. రోజూ కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి పనులకు వెళ్లే పేదవాళ్లు, ఎక్కువగా నల్లజాతి, లాటినో, ఆసియా కుటుంబాలవాళ్లు, బస్ రైడర్స్ యూనియన్ పేరుతో కోర్టుకెక్కారు. 1996లో పదేళ్ల ఒప్పందం కుదిరింది. పాస్ మిగిలింది, బస్సుల్లో రద్దీ తగ్గిస్తామని సంస్థ రాసిచ్చింది. వాళ్లు రైలుకు శత్రువులు కారు. ఎవరి డబ్బు ఎవరికోసం ఖర్చవుతోందని మాత్రమే అడిగారు.

ఇది ఒక్క దేశం సమస్య కాదని 2002లో రుజువైంది. డెన్మార్క్‌కు చెందిన బెంట్ ఫ్లూబియా బృందం 20 దేశాల్లోని 258 రవాణా ప్రాజెక్టుల్ని పరిశీలించింది. పదింట తొమ్మిది అంచనా దాటాయి. ఖర్చు సగటున రైలు ప్రాజెక్టుల్లో 45 శాతం, వంతెనలు, సొరంగాల్లో 34 శాతం, రోడ్లలో 20 శాతం పెరిగింది. 70 ఏళ్ల లెక్కలు చూసినా అంచనాలు మెరుగుపడిన జాడ లేదు. పొరపాటైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి కదా, ఎప్పుడూ ఒకవైపే ఎందుకు తప్పుతోంది? పని మంజూరు కావడానికి అంకెల్ని కావాలనే దిద్దుతున్నారని వాళ్లు తేల్చారు. శాన్ ఫ్రాన్సిస్కో మాజీ మేయర్ విల్లీ బ్రౌన్ 2013లో దీన్ని బాహాటంగానే రాశాడు. మొదటి బడ్జెట్ అంటే అడ్వాన్సు లాంటిదేనని, ముందు గొయ్యి తవ్వడం మొదలుపెట్టాలని, దాన్ని పూడ్చడానికి డబ్బు తేక తప్పనంత పెద్దదిగా తవ్వాలని ఆయన మాటల సారాంశం. అసలు ఖర్చు ముందే తెలిస్తే మంచి పనులు కూడా మొదలుకావని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1967లోనే అన్నాడు. ఆ వాదనలో కొంత నిజముంది. కానీ తెలియకపోవడం వేరు, తెలిసీ దాచడం వేరు.

ఒక అన్యాయం గురించి కూడా చెప్పాలి. ఈ అనుమానం రోడ్ల మీద అంతగా పడదు. రోడ్లకూ ఖర్చు పెరుగుతుంది. బోస్టన్‌లో హైవేని భూమి కిందికి మార్చిన బిగ్ డిగ్ ఖర్చును 1982 ధరల్లో 280 కోట్ల డాలర్లన్నారు. చివరికి 1,400 కోట్లు దాటింది. అయినా రైల్లో ఖాళీ సీట్లు కంటికి కనిపించినట్టు రోడ్డు మీద ఖాళీ కనిపించదు. పైగా అంచనా తప్పిందంటే లైను దండగ అని కూడా కాదు. లండన్ ఎలిజబెత్ రైలు లైన్ మూడేళ్లకు పైగా ఆలస్యమైంది, బడ్జెట్ దాటింది, 2022లో మొదలయ్యాక కిటకిటలాడుతోంది. ఖర్చు పెరిగి తీరాలన్న నియమమూ లేదు. స్పెయిన్‌లో మాడ్రిడ్ 40 కిలోమీటర్లు, 28 స్టేషన్ల మెట్రోసూర్ లైన్‌ను మూడేళ్లలో కట్టేసి 2003లో తెరిచింది. దీనికి పూర్తి భిన్నం న్యూయార్క్. అక్కడి సెకండ్ ఎవెన్యూ సబ్‌వే (భూగర్భ రైలు) 1920లలో తయారైన ఆలోచన. 2017 జనవరి 1న తెరుచుకున్న మొదటి దశలో కొత్త స్టేషన్లు మూడే, ఖర్చు దాదాపు 450 కోట్ల డాలర్లు.

బ్రిటన్ ఒక మందు కనిపెట్టింది. పాత ప్రాజెక్టుల అనుభవాన్ని బట్టి ప్రతి అంచనాకూ ముందే కొంత శాతం కలపాలని 2004లో మార్గదర్శకాలిచ్చింది. ఆ పద్ధతిని వాడిన తొలి ప్రాజెక్టుల్లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో ట్రామ్ ఒకటి. ఎయిర్‌పోర్టు నుంచి న్యూహేవెన్ రేవు దాకా 54.5 కోట్ల పౌండ్లతో 2011కి నడుపుతామన్నారు. అయినా కాంట్రాక్టర్‌తో గొడవలొచ్చి పనులు ఆగాయి. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో ఒకసారి వేసిన ట్రాక్ పాడై, 2011లో మళ్లీ తవ్వాల్సొచ్చింది. నగరంలో అందరూ నడిచే ఆ వీధిలో బేరాలు లేక దుకాణాలవాళ్లు పడ్డ టెన్షన్‌కు ఏ అంచనాలోనూ చోటు లేదు. 2014 మే 31న ట్రామ్ మొదలైంది. ఖర్చు 77.6 కోట్లు. లైను మాత్రం నగరం నడిబొడ్డునే ఆగిపోయింది, రేవు దాకా పోలేదు.

ఎందుకిలా జరిగిందో తేల్చమని వేసిన విచారణ తొమ్మిదేళ్లు సాగింది. 2023 సెప్టెంబరులో నివేదిక వచ్చింది. నగర కౌన్సిల్‌నీ, అది పెట్టిన సంస్థనీ, స్కాట్లాండ్ మంత్రుల్నీ తప్పుపట్టింది. అదే ఏడాది జూన్‌లో, మొదట మాటిచ్చిన న్యూహేవెన్‌కు ట్రామ్ చేరింది.